పక్షుల వీపులు

మా అత్తకు చెవుడని వీధిలో అందరికీ తెలుసు. ఆ చెవుడు ఎలా వచ్చిందని అడిగినవాళ్ళను మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. పుట్టుచెవుడు కాదు, జబ్బు చేసి వచ్చిందీ కాదు. మిల్లు పెట్టిన చెవుడు. రెండు జడల వయసులో మగ్గాల షెడ్డులోకి వెళ్ళి, తల నెరిశాక బయటికొచ్చింది. వరసకి వరస మరమగ్గాలు పొద్దస్తమానం ధనధనలాడుతుంటే తట్టుకోలేక, చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా ఇమ్మని అడిగిందట. మేస్త్రీ నేలమీది చెత్త దూది చూపించి, "అదుగో, కావలసినంత ఉంది" అన్నాడట. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అత్తకు మండదు. "దూది మంచిదేనే, మెత్తగా ఉండేది" అంటుంది.

అత్త అంటే మేనత్త, మా నాన్నకు అక్క. మామయ్య పోయాక మా ఇంట్లోనే, వీధి వైపు గదిలో ఉంటోంది. తనకు వినపడదు కాబట్టి లోకంలో ఎవరికీ సరిగ్గా వినపడదని ఆమె నమ్మకం. అందుకే ప్రతి మాటా గొంతెత్తి అంటుంది. మంచినీళ్ళు కావాలంటే పక్కింటావిడ కూడా లేచి గ్లాసు వెతుక్కుంటుంది. ఇక మా వాళ్ళు ఆమెతో మాట్లాడే తీరు ఇంకా ఘోరం. చెవి పక్కకి వచ్చి, నోరంతా తెరిచి అరుస్తారు. అలా అరిస్తే అత్తకు ఒక్క ముక్క అర్థం కాదు. అరిచేవాడి నోరు వంకరపోతుంది, చెవి పక్కన నిలబడితే మొహమే కనబడదు. అత్త వినేది కళ్ళతో.

మగ్గాల షెడ్డులో గొంతుకు పనిలేదు. ఎంత అరిచినా పక్క మగ్గానికి చేరదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు, చేతులతో అందించుకునేవాళ్ళు. దాన్ని పెదవి మాట అనేవాళ్ళు. బొటనవేలు కిందికి చూపిస్తే పోగు తెగిందని. పిడికిలి నుదుటికి ఆనిస్తే మేస్త్రీ వస్తున్నాడు, నోరు కట్టేసుకుని పని చూసుకోమని. పెళ్ళి కబుర్లు, అత్తగార్ల మీద చాడీలు, మేస్త్రీ మీద తిట్లు, అన్నీ చప్పుడు లేకుండానే షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేవి. చిన్నప్పుడు నాకూ అన్నయ్యకూ ఆమె ఆ మాట నేర్పింది. మాకదొక ఆట. నేను మర్చిపోలేదు. వాడు మర్చిపోయాడు.

ఆ షెడ్డుకు కిటికీలు లేవు. కిటికీ ఉంటే చూపు మగ్గం మీద నిలవదని యజమానుల భయం. పైకప్పులో మాత్రం వెలుతురు కోసం అక్కడక్కడా అద్దపు పలకలు బిగించారు. అత్త మగ్గానికి సరిగ్గా పైన ఒకటి ఉండేది. చలికాలం సాయంత్రాల్లో ఆ అద్దం మీదుగా పక్షులు గుంపులు గుంపులుగా వెళ్ళేవట. నాడెలో నూలు కండె అయిపోయి కొత్తది పెట్టే సందులో తలెత్తి చూసేది. తెల్లటి పొట్టలు, వెనక్కి చాపిన కాళ్ళు. అంతే. కూత వినలేదు, ఎక్కడ వాలతాయో చూడలేదు. ఏటా వచ్చేవి, ఏటా పొట్టలు చూపించి వెళ్ళిపోయేవి.

ఆ పక్షులు వాలే చోటు మాకు మరీ దూరమేమీ కాదు. పెద్ద మడుగు, నీళ్ళలో నిలబడ్డ చెట్లు, చుట్టూ కంచె. పక్షుల అభయారణ్యం. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. మిల్లు మానేసినప్పటి నుంచి అత్తకు ఒకటే కోరిక. "ఒక్కసారి వాటిని పైనుంచి చూడాలే. ఎంతసేపూ పొట్టలేనా? వీపులు ఎలా ఉంటాయో!" అనేది. ఒక ఏడు అన్నయ్య పరీక్షలు అడ్డొచ్చాయి. ఒక ఏడు వాడి పెళ్ళి. ఒక ఏడు వాన. ఇంకో ఏడు అసలు ఏ కారణమూ లేదు, మర్చిపోయారు. నేను తీసుకెళ్తానంటే మాత్రం, అందరం కలిసి వెళ్దాం ఆగమనేవాళ్ళు. ఆగాం. ఆగినకొద్దీ ఆగమనేవాళ్ళే తయారయ్యారు.

ఈ చలికాలం అన్నయ్యకు పక్షుల పిచ్చి పట్టింది. పక్షులంటే ప్రేమ కాదు, వాళ్ళ ఆఫీసు పెద్దసారుకు పక్షులంటే ప్రేమ. అందుకని వీడు బైనాక్యులర్స్ కొన్నాడు, టోపీ కొన్నాడు, బురదరంగు చొక్కా కుట్టించుకున్నాడు. వ్యాను మాట్లాడాడు. పెద్దసారు, వాళ్ళావిడ, మా ఇంటిల్లిపాదీ ఆదివారం వెళ్ళాలని ప్లాను. అత్త మొహం చూడాలి అప్పుడు! చెప్పులు కడిగి ఎండబెట్టుకుంది.

బయల్దేరడానికి కొద్దిరోజుల ముందు హాల్లో అందరూ కూర్చుని ప్రయాణం మాటలు మాట్లాడుకుంటున్నారు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. అత్త వాళ్ళకు ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చుని, అన్నయ్య కొత్త చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మాటలు చెవిన పడ్డాయి. మామూలు గొంతులతోనే మాట్లాడుకుంటున్నారు. వినపడని మనిషి ముందు దాపరికం దేనికనుకున్నారు మరి.

"అత్తని తీసుకెళ్తే కొంపమునుగుతుంది. లోపల గుసగుసలాడినా ఊరుకోరట. పెద్దసారు ముందు నా పరువేం కాను?" అన్నాడు అన్నయ్య.

"అత్తయ్యగారు ఒక్కసారి 'అదుగో పిట్ట' అన్నారంటే చాలు, అవన్నీ మూటాముల్లే సర్దుకుని లేచిపోతాయి" అంది వదిన.

"అయినా వినపడని మనిషికి పక్షుల దగ్గర ఏముంటుంది చెప్పు? చోటు లేదని చెప్పేద్దాం."

"ఆ సీట్లో భోజనాల డబ్బాలు పెట్టుకోవచ్చు. కింద పెడితే ఒలుకుతాయి."

నాన్న పేపరు మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు. నోరు మాత్రం విప్పలేదు.

నేను అత్త వైపు చూశాను. సూది ఆగిపోయి ఉంది. ఆమె కళ్ళు అన్నయ్య నోటి మీది నుంచి వదిన నోటి మీదికి, అక్కడి నుంచి నాన్న మొహం మీదికి వెళ్తున్నాయి. అరవకుండా, నెమ్మదిగా, మొహాలు ఆమెకే చూపిస్తూ మాట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమెకు ఇంత స్పష్టంగా ఎవరూ మాట్లాడి ఉండరు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ట్రే బల్లమీద దబ్బున పెట్టి నోరు తెరవబోయాను. అత్త నా వైపు చూసి పిడికిలి నుదుటికి ఆనించింది. మేస్త్రీ వస్తున్నాడు. నోరు కట్టేసుకున్నాను.

అన్నయ్య లేచి వచ్చి ఆమె చెవి దగ్గర వంగి, "ఈసారికి చోటు లేదత్తా! సీట్లు నిండిపోయాయి! వచ్చే ఏడు వెళ్దాం!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

అత్త దారం పంటితో కొరికి, చొక్కా మడతపెట్టి వాడి చేతికిచ్చింది.

"గుండీ గట్టిగా కుట్టాను. ఇక ఊడదు" అంది ముందు. తర్వాత తన మామూలు గొంతుతోనే, అంటే వీధి చివరికి వినబడేలా, అంది: "చోటు ఉందిరా. ఆ చోటు డబ్బాలకి ఇచ్చారు. పోనీలే, డబ్బాలైతే అరవవు."

వదిన మొహం సున్నం కొట్టినట్టయింది. అత్త ఆమె వైపు తిరిగింది. "ఏమ్మా, పిట్టలు మూటాముల్లే సర్దుకుంటాయా? పాపం, వాటికి మూటలెక్కడివే? మీకున్నన్ని ఉండవు."

"అత్తయ్యగారూ, నేనేదో సరదాకి..."

"సరదాగానే ఉంది. నాకూ నవ్వొచ్చింది." ఆమె మొహంలో నవ్వు లేదు. ఆఖరికి నాన్న వైపు చూసింది. "నువ్వేమీ అనలేదురా తమ్ముడూ. అది కూడా చూశాను."

ఆ మాటకు నాన్న తల వంచుకున్నాడు. వంచుకోవలసిందే. అన్నయ్య నీళ్ళు నమిలి, "అది కాదత్తా, నువ్వూ రా. ఎలాగోలా సర్దుకుందాం" అన్నాడు. ఈసారి అరవలేదు. ఇంత జరిగాక గుర్తొచ్చింది దొరగారికి!

"సర్దుకుని సర్దుకునే చెవులు పోగొట్టుకున్నానురా. ఇంక నావల్ల కాదు" అని లేచి తన గదిలోకి వెళ్ళింది.

వెనకాలే వెళ్ళాను. ఏడుస్తుందేమోనని నా భయం. ఏడవడం లేదు. కిటికీ తెరిచి నిలబడింది. ఎదురింటి మేడమీద కండెలక్క బట్టలు ఆరేస్తోంది. ఆవిడ మిల్లులో కండెలు చుట్టేది, పేరు అలా ఉండిపోయింది. అత్త పెదాలు కదిపింది, చేతులు తిప్పింది. కండెలక్క నోట్లో ఉన్న క్లిప్పు తీసి జవాబు చెప్పింది, మధ్యలో మా అన్నయ్యను ఉద్దేశించి ఒక తిట్టు కూడా తిట్టింది. నేను చదివాను, ఇక్కడ రాయను. ఇంకొక నేస్తం 'రెండో షిఫ్టు'ను తనే తీసుకొస్తానంది. ప్రతిచోటికీ ఆలస్యంగా వచ్చే మనిషి కాబట్టి ఆవిడకా పేరు. వీధికి ఇటూ అటూ నిలబడి, చప్పుడు లేకుండా, ప్రయాణం తేల్చేశారు. శనివారం, మామూలు బస్సు. హాల్లో ఇంకా ఆ పెద్దసారు కాఫీ తాగుతాడా, టీ తాగుతాడా అని తర్జనభర్జన నడుస్తోంది.

శనివారం పొద్దున బయల్దేరుతూ అత్త బల్లమీది బైనాక్యులర్స్ తీసి సంచిలో వేసుకుంది. ఎవరినీ అడగలేదు. ఎవరూ వద్దనలేదు.

అభయారణ్యం గేటు దగ్గర నేను నలుగురికీ టిక్కెట్లు తీసుకుంటుంటే అత్త కాపలాదారును, "బాబూ, పిట్టలు ఎటువైపు?" అని అడిగింది. అతను ఉలిక్కిపడి బోర్డు చూపించాడు. "నెమ్మదమ్మా నెమ్మది! నిశ్శబ్దం పాటించాలి. ఇంత గొంతుతో లోపలికి ఎలా పంపమంటారు?" నాకు తిక్కరేగింది. చోటు లేదని ఇంట్లో ఒకరు, గొంతు ఉందని ఇక్కడ ఒకరు! అతనితో గట్టిగా పెట్టుకోబోతుంటే అత్త నా మోచెయ్యి పట్టుకుంది. నేస్తాలు ముగ్గురూ పెదాలు బిగించి బడిపిల్లల్లా వరసగా లోపలికి నడిచారు. మాతోపాటే కాపలాదారు కూడా వచ్చాడు, అనుమానం తీరక.

దారి మలుపు తిరిగేసరికి మొదలైంది గోల. ముందు దూరంగా, తర్వాత నాలుగు వైపుల నుంచీ. మడుగు మధ్య చెట్లన్నీ పక్షులతో నిండిపోయి ఉన్నాయి. గూళ్ళలో పిల్లలు తిండికోసం కీచుమంటున్నాయి, తల్లులు కసురుకుంటున్నాయి, పుల్లకోసం రెండు పక్షులు ముక్కులతో కొట్టుకుంటున్నాయి. చెవులు చిల్లులు పడుతున్నాయి. మంచె ఎక్కితే ఇంకా ఎక్కువ. అక్కడ ఒక కుటుంబం ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి అరుచుకుంటోంది. కాపలాదారు నాకేదో చెప్పబోయి, వినపడక, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి కేకేశాడు. ఈ సంతలోనా మా అత్త గొంతు వినపడి పరువు పోయేది? ఈ గోల దగ్గరికి రావడానికా ఇన్నేళ్ళు ఆమెను ఆపింది? అక్కడే నిలబడి అన్నయ్యను తిట్టాలనిపించింది, తిట్టాను కూడా, పైకే. ఎవరికీ వినపడలేదు.

హాయిగా మాట్లాడుకుంటున్నది ఆ మంచె మీద ముగ్గురే. అత్త, కండెలక్క, రెండో షిఫ్టు. పక్షుల మీద, వాటి సంసారాల మీద, పాత షెడ్డు మీద పెదాలు ఆడిస్తూ, చేతులు తిప్పుతూ. కాపలాదారు ఇటు తిరగగానే కండెలక్క పిడికిలి నుదుటికి ఆనించింది. ముగ్గురూ తటాలున బుద్ధిగా నిలబడ్డారు. అతను అటు తిరగగానే పొట్టలు పట్టుకుని నవ్వారు.

తర్వాత అత్త బైనాక్యులర్స్ పెట్టుకుని మంచె అంచుకు వెళ్ళింది. సరిగ్గా కింద, చెట్టు చివర గూట్లో ఒక పక్షి పిల్లల మీద రెక్కలు కప్పి కూర్చుంది. అత్త చాలాసేపు చూసింది. నేను పక్కకు వెళ్ళేసరికి కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగి, పెదాలతో అంది: "నల్లగా ఉన్నాయే వీపులు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇన్నేళ్ళూ తెల్ల పక్షులనుకున్నాను."

బస్సు ఎక్కితే తెలిసే సంగతి అది. ఆ ఒక్క సంగతి తెలుసుకోనివ్వడానికి మా ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోయింది.

సాయంత్రం మేము వచ్చేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. లోపల అన్నయ్య మర్నాటి ప్రయాణానికి డబ్బాలు సర్దిస్తున్నాడు. నాన్న అత్తకు ఎదురుగా వచ్చి, మొహం వెలుతురులోకి పెట్టి, అరవకుండా అడిగాడు.

"చూశావా అక్కా?"

"చూశాను. వీపులు నలుపురా."

"రేపు నేను వాళ్ళ బండిలో వెళ్ళను." తడబడుతూ అన్నాడు, "ఈసారి నువ్వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్తావా?"

అత్త చెప్పులు విడిచి, కాళ్ళమీది దుమ్ము దులుపుకుంది. తర్వాత తమ్ముడి మొహంలోకి చూసి, అన్నయ్యకే కాదు, ఎదురింటి మేడకు కూడా వినపడేలా అంది:

"చూద్దాంలేరా! బస్సులో చోటుంటే!"