కొంగ నిలబడే చోటు

ఆ రోజుల్లో నాకు వంకర గీత అంటే పడేది కాదు. పాపిడి, చొక్కా మడత, సంతకం కింద గీత, అన్నీ తిన్నగా ఉండాల్సిందే. (ఇప్పుడు పాపిడి తీయడానికి జుట్టే లేదు, ఆ చాదస్తం అలా వదిలింది.) డిప్లొమా చేతికొచ్చిన ఏడాదే చోడవరంలో గది తీసుకుని, చెరువుల బాగు పనులు చూసే సూపర్‌వైజరుగా చేరాను. నా మొదటి చెరువు రావికమతం దారిలో ఉండేది. ఒడ్డంతా తుంగ, మోకాలి లోతు బురద, అందులో నీటికోళ్ళు, బుడబుంగలు, లెక్కలేనన్ని కొంగలు. చూడగానే అసహ్యమేసింది. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే.

పొక్లెయిన్ తెప్పించి తుంగను వేళ్ళతో సహా పీకించాను. నాలుగు పక్కలా ఒడ్డును అగ్గిపెట్టెలా నిలువుగా కోయించాను. రోజూ గేదెను నీళ్ళకు తోలుకొచ్చే మామ్మ ఒకావిడ గట్టు మీద కూర్చుని, చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ మూడు రోజులు చూసింది. నాలుగో రోజు నోట్లోంచి చుట్ట తీసింది.

"ఏటి బాబూ, ఒడ్డు గోడలాగ కోసేస్తన్నావు. కొంగ ఎక్కడ నిలబడతాది?"

"కొంగకేం మామ్మా, ఎగురుతుంది కదా."

"ఎగరడానికి సెరువెందుకు బాబూ? ఆకాశం సాలదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పాపం ముసలావిడకి టెక్నికల్ నాలెడ్జి లేదని.

పని పూర్తయింది, ఫొటోలు దిగాం. మర్నాడు పొద్దున్నే మామ్మ గేదె అలవాటు కొద్దీ నీళ్ళలోకి జారింది. ఎక్కడానికి ఒడ్డేదీ? మధ్యాహ్నం దాకా ఈదుతూనే ఉంది. మామ్మ "రాయే, ఒసే, ఇటు రాయే" అని గట్టు వెంట తిరిగి తిరిగి గొంతు పోగొట్టుకుంది. ఊరంతా సలహాలిచ్చింది. చివరికి బుచ్చయ్యపేట వెళ్ళిపోయిన పొక్లెయిన్‌ని వెనక్కి రప్పించి, ఓ మూల ఒడ్డు పగలగొట్టి ఏటవాలుగా దారి చేయించాను. గేదె తీరిగ్గా నడిచొచ్చి, సరిగ్గా నా పక్కనే ఒళ్ళు దులుపుకుంది. (ఇస్త్రీ చొక్కా.)

రెండు వానలు పడ్డాయో లేదో, ఆ పగిలిన మూలలో బురద చేరింది, తుంగ మొలిచింది. కొంగలు వచ్చి నిలబడ్డాయి. చెరువంతటికీ అక్కడే.

"నీ సెరువులో ఆ మూలొక్కటే సెరువు బాబూ. దాన్నలా ఒగ్గీ," అంది మామ్మ.

ఒగ్గేయలేదు. పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నారు. ఫొటోలో ఒక మూల వంకరగా ఉంటే నా పేరేం కావాలి? పూడ్పించి, రాళ్ళు పేర్పించాను. కొంగలు రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయాయి, మళ్ళీ రాలేదు. మామ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. గేదెను తోలుకుని వేరే దారిన పోయింది.

తర్వాత బుద్ధొచ్చింది గానీ, బుద్ధొచ్చి ఏం లాభం? ఆ మూల మళ్ళీ తవ్వించమని ఎన్ని అర్జీలు పెట్టానో. "బాగున్న ఒడ్డు పగలగొట్టడమేంటండీ" అని ప్రతిచోటా మర్యాదగా తిప్పి పంపారు. రాళ్ళు మాత్రం ఒక్కటీ కదల్లేదు. నా జీవితంలో గట్టిగా నిలిచిన పని అదొక్కటే.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజినీరమ్మాయి కె.కోటపాడు వైపు చెరువొకదాని డ్రాయింగు చూపించింది. నాలుగు గీతలు, నాలుగూ తిన్నగా.

"కొంగ ఎక్కడ నిలబడుతుందమ్మా?" అన్నాను.

"కొంగకేం సార్, ఎగురుతుంది కదా," అంది నవ్వుతూ.

నాకూ నవ్వొచ్చింది. ఒకప్పటి నేను, ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు, ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. ఆకాశం చాలదా అని అడగబోయాను గానీ, ఆ మాట అడిగే అర్హత మామ్మకుంది, నాకు లేదు.