మొదటి గింజ ఎవరిది?

వాన పడి నేల మెత్తబడింది. ఊళ్లో అందరూ మొక్కజొన్న వేసేశారు. ఒకుము వారి ఇంట్లో మాత్రం పారలన్నీ గోడకు ఆనించే ఉన్నాయి. కారణం దొర్సిలా. ఒకుము పెద్దభార్య ఆవిడ. ఆయన పోయి చాలా ఏళ్లయినా, ఆవిడ చేతి గింజ నేలలో పడితేనే రెండో భార్య యూనియా వేయాలి. యూనియా వేస్తేనే కోడళ్లు వేయాలి. సరస్సు ఒడ్డున లువో తెగవాళ్ల ఇళ్లలో ఈ వరస ఎవరూ తప్పరు, తప్పితే ఇంట్లో ఎవరో ఒకరు పోతారని భయం. చర్చిలో ముందు బెంచీ వాళ్లు కూడా తప్పరు, ఆ మాట పైకి అనరంతే.

రోజూ పొద్దున్నే దొర్సిలా గింజల సొరబుర్ర చంకన పెట్టుకుని కుంటుకుంటూ చేనుగట్టు దాకా వెళుతోంది. అక్కడ కాసేపు నిలబడి, బుర్ర అలాగే పట్టుకుని తిరిగి వస్తోంది. యూనియా తన వంటింటి గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉంది. ఈవిడకి ఏమైంది? ఒంట్లో బాగాలేదా, ఎవరి మీదైనా అలిగిందా? ఏమీ అంతుపట్టక యూనియాకు జావ కూడా సరిగ్గా సయించడం లేదు.

"పెద్దత్తకి పైనుంచి ఫోన్ రావాలేమో అత్తా, అక్కడ కూడా సిగ్నల్ లేనట్టుంది" అంది కోడలు ప్లిస్టా, ఒమెనా అనే చిన్న చేపలు ఎండబోస్తూ.

"నోరు ముయ్యవే. వింటుంది."

"విననీ. పక్కింటి వాళ్లవి మొలకలొస్తున్నాయి. మనం మాత్రం పాటలు పాడుకుంటూ కూర్చుందాం."

ప్లిస్టా అన్నదాంట్లో తప్పేం లేదు. అయినా యూనియాకు దొర్సిలాను అడగాలంటే నోరు రాలేదు. సవతి అని కాదు. తాను ఆ ఇంటికి వచ్చిన రోజున దొర్సిలా ఏడవలేదు, మొహం మాడ్చుకోలేదు. "పచ్చి చేప తింటావా, ఎండు చేపా?" అని మాత్రం అడిగింది. ఆవిడ పలకరింపులన్నీ అలాగే ఉంటాయి. ఇల్లు కురిసినా, ఆవు చచ్చినా "మాటిచ్చింది దేవుడు, బెంగ నాకెందుకు?" అంటుంది. ఒకుము పడవ మునిగిపోయినప్పుడు కూడా, వచ్చిన వాళ్లందరికీ వండి వడ్డిస్తూ, కళ్లనీళ్లు ధారగా కారుతుంటే "పోయినవాళ్లని మళ్లీ లేపుతానన్నాడుగా" అంది. అంత నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుందో యూనియాకు ఎప్పటికీ అర్థం కాలేదు. తనకు అంత లేదని మాత్రం బాగా తెలుసు.

ఆమె వంటింటి వెనక ఒక చిన్న మడిచెక్క ఉంది. బంగారం లాంటి నేల. అందులో గడ్డి తప్ప ఇంకేదీ పెరగదు, ఎందుకంటే యూనియా దాంట్లో పార వేయదు. కాపురానికి వచ్చిన రెండో ఏడు, వరస సంగతి మరిచిపోయి, పుట్టింటి నుంచి తెచ్చిన జొన్నలు దొర్సిలా కంటే ముందే అక్కడ చల్లేసింది. ఆ వానలు తగ్గకముందే, చంకలోని మొదటి బిడ్డ జ్వరంతో పోయాడు. ఎవరూ ఆమెను నిందించలేదు. నిందించి ఉంటే పోట్లాడైనా ఉండేది. ఇప్పుడు వీపున ప్లిస్టా కొడుకు ఉన్నాడు. వాడు తుమ్మితే చాలు, ఆమె చెయ్యి వాడి నుదుటి మీదికి పోతుంది.

మరో పొద్దున్న దొర్సిలా మళ్లీ బుర్రతో వెనక్కి రావడం చూసి, యూనియా ఇక ఆగలేక ఎదురెళ్లింది.

"అక్కా, ఏంటిది? అందర్నీ ఆకలికి చంపుతావా? వేసేయరాదూ!"

"నేను వేయను." దొర్సిలా అక్కడే మట్టిలో కూర్చుంది. "ఈసారి నువ్వు ముందు వెయ్యి."

యూనియా ఒక అడుగు వెనక్కి వేసింది. వీపు మీది పిల్లాణ్ని చెయ్యి వెనక్కి పెట్టి పట్టుకుంది.

"నీకు మతి పోయిందా? తెలిసే అంటున్నావా?"

"తెలిసే. రేపో మాపో నేను పోతా. అప్పుడు ఈ ఇంట్లో పెద్దదానివి నువ్వే. నా సమాధి పక్కన వణుక్కుంటూ గింజ వేస్తావు, లేదా భయపడి వేయనే వేయవు. నేనుండగా వెయ్యి. నేను పక్కన ఉంటా."

"నీకేం, చెబుతావు! పోయింది నీ బిడ్డ కాదు."

ఆ మాట పడగానే దొర్సిలా మొహం వాడిపోయింది. వేలితో నేల గీకింది.

"వాడికి ఆఖరి స్నానం చేయించింది నేనే యూనియా. ఆ నెలలోనే పక్కింటి మికాల్ కూతురు పోయింది, మెట్టమీద వాళ్ల కవలలు పోయారు. ఆ ఇళ్లలో వరస తప్పారా? లేదే. జ్వరం వచ్చింది, పట్టుకుపోయింది. నువ్వు నీ జొన్నల్నే తలుచుకుంటూ కూర్చున్నావు, నేను చూస్తూ ఊరుకున్నా."

"మరి ఇన్నాళ్లూ నువ్వే ఎందుకు ముందు వేశావు?"

"భయం. ఇంకేముంది?" దొర్సిలా నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "బైబిల్లో వరద తగ్గాక దేవుడు ఏమన్నాడు? భూమి ఉన్నంతకాలం విత్తనాలు, కోతలు ఆగవన్నాడు. దొర్సిలా ముందు వేస్తేనే అన్నాడా? ఆదివారం ఆయన మాట నమ్మి, వాన పడగానే నా చెయ్యి నమ్ముతున్నాం. ఇన్ని రోజులూ గట్టు మీద అడుగుతున్నది అదే. నాకూ ధైర్యం ఇమ్మని."

"ఇచ్చాడా?"

"సగం. ఇంకో సగం నీ దగ్గరుందేమో అనుకున్నా."

యూనియాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, ఈ ముసలిదాని మీద అంతులేని ప్రేమ కూడా వచ్చింది. గోడకు ఆనించిన పార తీసుకుంది. దొర్సిలా పెద్ద చేను వైపు నడవబోతుంటే, యూనియా మాత్రం వంటింటి వెనక్కి తిరిగింది. గడ్డిలో ఒక్క వేటు వేసింది. లోపల మట్టి నల్లగా, తడిగా ఉంది.

"అక్కా, జొన్నలున్నాయా?"

దొర్సిలా గింజల బుర్ర వంచింది, మొక్కజొన్నల్లో కలిసి జొన్నలూ ఉన్నాయి అందులో. యూనియా దోసిలి పట్టింది. సగం గింజలు బయటే పడ్డాయి. వీపున పిల్లాడు వెక్కిళ్లు పెడుతుంటే, "నువ్వన్నావు గదా, చూస్తున్నావు గదా" అంది పైకి చూసి, దాదాపు దబాయించినట్టు. గింజ వేసి పాదంతో మట్టి కప్పింది.

వెనక్కి తిరిగి చూస్తే ప్లిస్టా నోరు తెరుచుకుని నిలబడింది.

దొర్సిలా ఒక చేత్తో నడుం పట్టుకుని, యూనియా వెనక వరసలో, చిన్న కోడలిలా వంగి తన మొదటి గింజ వేస్తోంది.