రోహిణి ఎండలో లోలకం

నారాయణమ్మ మేడం నోరు మూసుకుని కూర్చోగా చూసినవాళ్లు గార్లదిన్నె మండలంలోనే లేరు. హైస్కూల్లో సైన్సు చెబుతుంది. తొమ్మిదో తరగతిలో ఆమె పాఠం మొదలుపెడితే పక్క గదిలో పదో తరగతి పిల్లలు రివిజన్ చేసుకోవచ్చు, గోడలు అడ్డం రావు. అలాంటి మనిషి మొన్న రోహిణి కార్తెలో, అనంతపురంలోని ఒక జూనియర్ కాలేజీ ల్యాబులో, పైట కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఎందుకయ్యా అంటే, నోరు తెరవనని అంజలికి మాట ఇచ్చింది.

అంజలి యేసన్న కూతురు. యేసన్న కూలి పనికి పోతాడు, సీజనులో వేరుశనక్కాయలు పెరుకుతాడు. ఆ పిల్లకు పుట్టుకతోనే చూపు లేదు, తెలివికి మాత్రం కొదవ లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసై, ఇంటర్లో ఎంపీసీలోనే చేరతానని, ఆ తర్వాత కంప్యూటర్ చదువే చదువుతానని పట్టుబట్టింది. ఎందుకమ్మా అంత పట్టు అంటే ఫోను చూపించేది.

"ఇది నాకు అన్నీ చదివి వినిపిస్తాది మేడం. ఇంగ్లీషు బాగనే చదువుతాది. తెలుగు వచ్చిందంటే నోట్లో నీళ్లు పోసుకున్నట్ల చదువుతాది. దీన్ని ఎవరో ఒకరు సరిచేయాల గదా? నేనే చేస్తా."

ఆ పట్టు చూస్తే నారాయణమ్మకు తన చిన్నతనం గుర్తొచ్చేది. ఆమెది వజ్రకరూరు దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. తొలకరి పడగానే జనమంతా వజ్రాల కోసం చేలమీద పడతారు, ఆమె కూడా పడేది. వజ్రం దొరకలేదు, వీపు మాడింది. కానీ దొరికిన ప్రతి రాయినీ ఇంటికి మోసుకొచ్చి ఇదెందుకు ఎర్రగా ఉంది, అదెందుకు బరువుగా ఉంది అని నాయన ప్రాణం తోడేసేది. ఆ గుణమే ఆమెను బీయస్సీకి, బీయీడీకి లాక్కుపోయింది.

ఇంత తెలిసిన మనిషి అంజలి విషయంలో ఏం చేసిందో తెలుసా? ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ల్యాబు పీరియడు వస్తే ఆ పిల్లను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టింది. "గాజు సామాన్లు పాపా, చెయ్యి తెగుతాది, నువ్వు కూర్చో" అంది. ప్రయోగం మిగతా పిల్లలు చేస్తే మార్కులు అంజలికీ వేసింది, అవీ నిండుగా. అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందని సామెత. ఇక్కడ అయ్యో అన్నవాళ్లను వదిలేసి ఆ పాపం ఈ పిల్లకే చుట్టుకుంది.

పదో తరగతి మొదట్లో అంజలి మొహమ్మీదే అడిగేసింది. "నేను చేయనిదానికి మార్కులు ఎందుకేస్తాండారు మేడం?"

నారాయణమ్మకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ పూట అన్నం సయించలేదు. కళ్లతో చూడకుండా కొలవడం ఎట్లా అని తల బద్దలు కొట్టుకుంది. కొట్టుకోగా కొట్టుకోగా నాయనే గుర్తొచ్చాడు. వాన వెలిసిందంటే చాలు, పొద్దుగూకినా సరే చేనికి పోయి మట్టిలోకి చెయ్యి దించి "జానెడు పదునైంది, రేపు విత్తొచ్చు" అనేవాడు. ఆ చీకట్లో ఆయన కళ్లతో చూసిందేముంది? అంతా వేళ్లతోనే. ఓసి నా తెలివి తెల్లారా అనుకుంటూ చెక్క స్కేలు తీసుకుని, సెంటీమీటరుకొక గాటు పెట్టింది. టైము చెప్పడానికి ఫోను ఉండనే ఉంది. లోలకం ఊపులు లెక్కపెట్టడం ఎట్లాగో అంజలే కనిపెట్టింది. దారం కట్టిన చోట, పైన, వేలు ఆనీ ఆనకుండా పెడితే ప్రతి ఊపూ తెలుస్తుంది.

కాలేజీలో ఫిజిక్సు చెప్పే నరసింహులు సారు చెడ్డవాడేం కాదు, భయస్తుడు. "సీటివ్వడం పెద్ద పని కాదు మేడం. ప్రాక్టికల్స్ ఎవరు చేస్తారు? ఏదన్నా పగిలి ఆ పాపకు తగిలితే నా మెడకు చుట్టుకుంటాది" అన్నాడు. నారాయణమ్మ వాదించీ వాదించీ చివరికి ఒక ఒప్పందానికి తెచ్చింది. ఒక్క లోలకం ప్రయోగం, ఎవరి సాయమూ లేకుండా. చేస్తే ఎంపీసీ, లేదంటే ఆర్ట్సు గ్రూపు, మళ్లీ మాట్లాడేది లేదు.

"మీరు మాట్లాడితే మీరే చేయించినారంటారు. నోరు తెరవొద్దు మేడం" అని అంజలి బస్సులోనే ఒట్టు వేయించుకుంది.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. మేడం, అంజలి, యేసన్న ముగ్గురూ వాడిపోయి ల్యాబుకు చేరేసరికి నరసింహులు సారు నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, ఎండన పడి వచ్చినారే" అంటూ నీళ్లిచ్చి, ఫ్యాను ఫుల్లుకు తిప్పి, దాని కిందికే బల్ల జరిపించాడు. యేసన్న తలుపు దగ్గరే నిలబడ్డాడు.

అంజలి దారానికి గుండు కట్టి వేలాడదీసింది. గాట్లు తడిమి పొడవు కొలిచింది. గుండును కొంచెం పక్కకు లాగి వదిలింది. ఇరవై ఊపులకు ఎంత టైమో ఫోను చెప్పింది. మళ్లీ చేసింది. రెండోసారి వేరే లెక్క వచ్చింది. మూడోసారి ఇంకో లెక్క.

 నారాయణమ్మకు కనబడుతూనే ఉంది, ఫ్యాను గాలికి గుండు తిన్నగా ఊగకుండా గుండ్రంగా తిరుగుతోంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కొంగు ఇంకాస్త లోపలికి కుక్కుకుంది. మా తల్లీ, నీ చదువంతా ఈ పాడు ఫ్యాను పాలైపోతోందే అని లోపల్లోపల ఏడ్చింది.

నరసింహులు సారు గొంతు సవరించుకున్నాడు. "చాలు లేమ్మా, బాగానే చేసినావు. ఇంత దూరం రావడమే గొప్ప. ఆర్ట్సులో చేరితే ఫస్టొస్తావు తల్లీ."

అంజలి తల అడ్డంగా ఊపింది. "బాగా చేయలేదు సార్. మూడుసార్లకు పొంతన కుదరలేదు. ఫ్యాన్ ఆపండి."

"ఈ ఎండలోనా?"

"గాలి తగులుతాండాది గదా సార్. దారం వంకరగా ఊగుతాంటే నా వేలికి తెలుస్తాండాది."

సారు పైకి చూశాడు, గుండును చూశాడు, తన తడిసిన కాలరు తడుముకున్నాడు. తలుపు దగ్గర్నుంచి యేసన్న అన్నాడు, "ఆపండి సార్, ఏం కాదు. చెమట మాకు అలవాటే."

ఫ్యాను ఆగింది. ల్యాబు పొయ్యిలాగా అయింది. అంజలి గుండు కుదురుగా నిలిచేదాకా ఆగి, మళ్లీ వదిలింది. ఫోను టైము చెప్పింది. ఇంకోసారి వదిలింది. దాదాపు అదే టైము. సారు మొహం మీది చెమట తుడుచుకోవడం మరిచి బల్ల మీదికి వంగాడు. తనే ఒక కాగితం తీసి, ఆ పొడవుకు రావాల్సిన టైమెంతో లెక్క వేసి చూసుకున్నాడు, సరిపోయింది.

"మా పిల్లోళ్లు ఏళ్ల తరబడి ఈ ఫ్యాను కిందనే చేస్తాండారు" అన్నాడు మెల్లగా. "తప్పొస్తే లెక్క మార్చి రాసేస్తారు గానీ, ఎందుకొచ్చిందని ఒక్కడూ అడగలేదు." స్విచ్చు దగ్గరికి పోయి, చెయ్యి దాని మీద పెట్టి ఆగాడు. "ఇంక వేసుకుందామా తల్లీ?"

"మూడో రీడింగు తీయాల సార్. తీసినాక వేసుకుందాం."

సారు చెయ్యి వెనక్కి తీసుకుని నారాయణమ్మ వైపు తిరిగాడు. "ఏం మేడం, రెండేండ్లు ఈ పిల్లతో నేను ఏగాల్నా?"

ఆ మాట చెవిన పడగానే నారాయణమ్మకు ప్రాణం లేచొచ్చింది. కొంగు నోట్లోంచి తీసింది. కళ్లలో నీళ్లు వచ్చాయి, చెమటలో కలిసి ఎవరికీ కనబడలేదు.

"ఏగాల సార్" అంది. "నేను ఏగలేదా?"

మూడో రీడింగు కూడా కుదిరింది. ఫ్యాను తిరిగింది. గార్లదిన్నె చేరేదాకా ఆ బస్సులో నారాయణమ్మ తప్ప ఇంకెవరికీ మాట్లాడే సందు దొరకలేదు.