సత్యవాణి కొన్న రెండో టికెట్టు

సింగపూర్లో బూన్ లే నుంచి ఆఫీసుకి గంట ట్రైను ప్రయాణం. ఆ గంటల్లోనే సత్యవాణికి కంట్రీ రాక్ పిచ్చి పట్టింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి, బ్యాంకులో ఉద్యోగం, పుట్టిల్లు ఏలూరు. చెవుల్లో మాత్రం ఎక్కడో అమెరికాలో లారీ తోలుకుంటూ ఏడ్చే మగవాళ్లు! ఆ పాటల్లో అడ్డంగా పడుకోబెట్టి వాయించే స్టీల్ గిటారు ఒకటుంటుంది. అది మూలిగిందంటే ఆమెకి ప్రాణం లేచి వస్తుంది.

అలాంటి బ్యాండొకటి సింగపూర్ వస్తోందని తెలిసి రెండు టికెట్లు కొనేసింది. భర్త కేశవరావు సెంబవాంగ్ షిప్‌యార్డులో సేఫ్టీ సూపర్‌వైజరు.

"నేనెందుకే? మీ ఆఫీసులో ఎవరినన్నా తీసుకెళ్లు."

"మీరే రావాలండీ."

ఇరవై మూడేళ్ల కాపురంలో ఏం వింటున్నావని ఆయన ఒక్కసారీ అడగలేదు. ఆ బ్యాండు పాట ఒకటుంది, నదికి అవతల దీపం పెట్టి ఎదురుచూసే మనిషి గురించి. ఆపరేషనై రెండు నెలలు మంచంలో ఉన్నప్పుడు ఆమెకి తోడు ఆ పాటే. అదొక్కటి ఆయన తన పక్కన నిలబడి వింటే చాలు.

"తొమ్మిదిన్నర దాకా ఉంటా. పొద్దున్నే షిఫ్టు" అన్నాడు ఆయన.

హాల్లో కుర్చీల్లేవు. కేశవరావు అటూ ఇటూ చూసి, స్టేజీ ముందు నేలమీద టిష్యూ ప్యాకెట్టు పెట్టాడు. "చోప్ చేశాలే, ఇక ఈ చోటు మనదే. పద, ఏదన్నా తినొద్దాం."

"అయ్యో, ఇది హాకర్ సెంటరా అండీ, తినడానికి టేబులు పట్టుకోడానికి! నిలబడి చూసే షో. తొక్కేస్తారు."

"సింగపూర్లో టిష్యూ ప్యాకెట్టుని తొక్కే మగాడెవడే?"

కర్రీ పఫ్‌లు తినొచ్చేసరికి హాలు కిక్కిరిసిపోయింది. స్టేజీ ముందు మాత్రం, ప్యాకెట్టు చుట్టూ, ఇద్దరు నిలబడేంత ఖాళీ! తోలు టోపీ పెట్టుకున్న చైనీస్ పిల్ల దానికి కాపలా. "అంకుల్, యువర్స్ ఆ? ఐ టెల్ ఎవ్రీబడీ డోంట్ స్టాండ్ లా!"

కేశవరావు ఎలక్షన్ గెలిచినవాడిలా పెళ్లాం వైపు చూశాడు.

పాటలు మొదలయ్యాయి. టైము ఎనిమిదైంది. తొమ్మిదైంది. ఆమె పాట రాలేదు. సరిగ్గా తొమ్మిదిన్నరకి ఆయన వాచీ చూపించాడు.

"ఇంకొక్కటి" అందామె.

"అన్నీ ఒకేలా ఉన్నాయే. నువ్వుండు, నేను వెళ్తా." గుంపులోకి దూరి మాయమైపోయాడు.

అప్పుడే స్టీల్ గిటారు మూలిగింది. అదే పాట. సత్యవాణి వెనక్కి తిరగలేదు. తిరిగితే కళ్లలో నీళ్లు ఆగవు. పక్కన ఖాళీ అలాగే ఉంది.

రెండో చరణంలో ఎవరో భుజం తట్టారు. ఆయాసపడుతూ కేశవరావు.

"ఇదేంటే! నువ్వు గిన్నెలు తోముతూ తీసే కూనిరాగం కదూ?"

ఆమె పూర్తిగా ఆయన వైపు తిరిగింది. "మీరు విన్నారా?"

"వినక చస్తానా? రోజూ అదేగా. తలుపు దాకా వెళ్లి వెనక్కొచ్చా. ఇంతకీ వీడు నీకంటే స్పీడుగా పాడేస్తున్నాడేంటి?"

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"నవ్వుతావేం, చెప్పు. ఏమంటున్నాడు? నాకొక్క ముక్క అర్థం కావట్లేదు."

సత్యవాణి మునివేళ్ల మీద లేచి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, మొదటి చరణం నుంచి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది.