నెర్రెలో నాటిన బండలు

మా పెరట్లో అడ్డంగా నిలబడి ఉన్న నాపబండలను ఒంటిచేత్తో ఎత్తి నాటింది నేనేనని మా వీధిలో చాలామందికి చెప్పాను. ఒక్కో బండ ఏనుగుపిల్లంత బరువని కూడా చెప్పాను. కాగితం మీద పెట్టేటప్పుడు కాస్త తగ్గించక తప్పదు. బండ బండకూ నలుగురం పట్టాం. ఆ నలుగురిలో బండ లేచేటప్పుడు "మెల్లగా, మెల్లగా" అనే పని నాది. నేను ఒంటరిగా పడిన కష్టం వేరే ఉంది. అది బండలు ఎత్తడం కాదు, తవ్వడం. దాని గురించి గొప్పలు చెప్పుకుందామన్నా అప్పుడు ఓపిక ఉండేది కాదు.

డెబ్బైల మొదట్లో నంద్యాల ఊరి చివర, ఆళ్ళగడ్డ దారి వైపు, ఒక జొన్నచేనును ముక్కలు చేసి ప్లాట్లు వేశారు. నేను అప్పటికి పత్తి మండీలో గుమాస్తాను. ఒక ముక్క తీసుకుని ఇల్లు కట్టాను. బంధువులకు బంగళా అని చెప్పాను. రెండు గదులు, ఒక వంటిల్లు. స్నానానికి వెనకాల పెరట్లో ఒక జాలాడి. జాలాడి అంటే నీళ్ళు పోయేలా వాలుగా పరిచిన నాలుగు బండలు, పక్కన నీళ్ళు కాగే అండా, కింద పొయ్యి. చుట్టూ గోడలు తరవాత లేపుదామనుకున్నాం. ఆ తరవాత అన్నది ఎప్పటికీ రాలేదు.

చేను ప్లాట్లయింది గానీ చేనులో నడిచే దోవ మాత్రం పోలేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సు కోసం వచ్చేవాళ్ళు, మిల్లులో పనికి పోయేవాళ్ళు, గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు, అందరూ మా పెరటి అంచునే నడిచేవాళ్ళు. వాళ్ళ తప్పేమీ లేదు, మాకంటే ముందే ఆ దోవ వాళ్ళది. కొందరు మర్యాదగా తల తిప్పుకునేవాళ్ళు. కొందరు "ఏమప్పా, బాగుండావా?" అని నన్ను పలకరించేవాళ్ళు. నేను తువ్వాలు చుట్టుకుని, సబ్బు నురగలోంచి, బాగున్నానని చెప్పేవాణ్ణి. మగవాడికి అదంతా పరవాలేదు.

నా భార్య ఆళ్ళగడ్డ పిల్ల. ఇరుకు సందులో, ఎత్తు గోడల ఇంట్లో పెరిగింది. ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజు పెరట్లోకి పోయి, నాలుగు దిక్కులూ చూసి లోపలికి వచ్చింది. ఆనాటి నుంచి చీకటి ఉండగానే లేవడం, చీకటిలోనే నీళ్ళు పోసుకోవడం. ఎండాకాలం సరే. చలికాలంలో ఆ గాలి, ఆ తడి జుట్టు. రెండో చలికాలానికి ఆయాసం మొదలైంది. పిల్లికూతల్లా ఊపిరి. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేది. నేను వీపు రాస్తూ కూర్చునేవాణ్ణి, పొద్దున మండీలో తూకాల దగ్గర నిలబడి నిద్రపోయేవాణ్ణి.

డాక్టరు మందులు ఇచ్చాడు. ఇచ్చి, చీకటి స్నానాలు మానమన్నాడు. పొద్దెక్కాక, వెచ్చటి ఎండలో, వేడినీళ్ళు పోసుకుని జుట్టు బాగా ఆరబెట్టుకోవాలన్నాడు. ఇంటికొచ్చాక ఆమె పెరటి గడప మీద కూర్చుని అంది.

"ఎండలో పోసుకోమంటాడు. ఎండొచ్చినాక ఆ దోవలో ఊరంతా పోతాంటాది. నన్నేం చేయమంటావ్?"

నేను ఏదో ఒకటి చేస్తానన్నాను. మొదట తాడు కట్టి పాత చీరలు వేలాడదీశాను. నంద్యాల గాలి సంగతి తెలిసిన వాడెవడూ ఆ పని చేయడు. తరవాత కందికట్టెతో దడి కట్టాను. కోటలా ఉందని నేనే అన్నాను. కోటను మేకలు కొంత తిన్నాయి. మిగతాది దోవన పోయేవాళ్ళు పొయ్యిలోకి ఒక్కో పుల్లా పీక్కుపోయారని వాళ్ళను చాలా తిట్టాను. వర్షాకాలంలో మా ఇంట్లో కట్టెలు తడిసినప్పుడు నేను కూడా కొన్ని పీకాను. ఈ మాట ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. తెలిసే ఉంటుంది, పొయ్యి ఆమెది కదా.

మా వైపు గట్టి అడ్డం అంటే నాపబండలే. మనిషెత్తు బండను తెచ్చి, ఒక మూర లోతు పాతి, పక్కన ఇంకోటి ఆనించి వరసగా నిలబెడతారు. సందుల్లో సున్నం మెత్తుతారు. మా బామ్మర్ది ఆళ్ళగడ్డలో బండల లారీల దగ్గర పని చేసేవాడు. అక్క ఆయాసం సంగతి విని ఒక ఎండాకాలం పొద్దున్నే, ఖాళీగా తిరిగిపోతున్న లారీ ఒకదాన్ని బతిమాలి, దాని నిండా బండలు వేసుకుని, ఇద్దరు కూలీలతో దిగాడు. సాయంత్రం బస్సుకు పోవాలి, మర్నాడు చాగలమర్రిలో పెళ్ళి ఉంది అన్నాడు. చేతిలో ఉన్నది ఒక్క పగలు.

ఎండ ఎలా ఉండేదో చెబితే మీరు నమ్మరు, నేను ఎలాగూ పెంచే చెబుతాను. నల్లరేగడి ఆ ఎండకు నెర్రెలు విచ్చింది. మా పెరటి అంచున, సరిగ్గా బండలు నాటవలసిన చోటే, ఒక పెద్ద నెర్రె ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. అందులో ఒక మేక పడిపోయిందని నేను చాలా ఏళ్ళు చెప్పాను. మేక కాదు, కోడిపిల్ల. అది కూడా తనంతట తనే ఎక్కి వచ్చింది.

కూలీలు గడ్డపారలు తీశారు. రెండు పోట్లు పొడిచేసరికి ఇనుము ఠంగుమని లేచింది. రేగడి ఎండితే రాయే. బామ్మర్ది నెర్రె దగ్గర గొంతుక్కూర్చుని చేయి లోపలికి పెట్టాడు. మోచేయి దాకా పోయింది.

"బావా, తవ్వేదెందుకు? భూమే నోరు తెరుచుకోని ఉండాది."

"సాలు వంకర లేదు గదా?"

"తాడు పట్టి గీసినట్టుంది. ఈడ నుంచి ఆడ దాకా."

నా భార్య మజ్జిగ చెంబులు పట్టుకుని వచ్చి నిలబడింది. నెర్రెను చూసింది, బండలను చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"ఈ పొద్దే అయిపోతాదా?"

"పొద్దు మునిగేలోపల అయిపోతాదక్కా. రేపటి నుంచి మారాణి మాదిరి పోసుకో."

మేం ముగ్గురం రేగడి నేల మీద పుట్టి పెరిగిన వాళ్ళమే. వాన పడితే నెర్రె మూసుకుంటుందని, తడిసిన రేగడి ఉబ్బి పైకి లేస్తుందని మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ ఎండలో మజ్జిగ తాగుతూ ఆ సంగతి ఒక్కరికీ నోటికి రాలేదు. నాకు తవ్వడం తప్పితే చాలు. వాడికి బస్సు దొరికితే చాలు. ఆమెకు ఎన్నాళ్ళుగానో అడిగింది ఆ సాయంత్రానికి కళ్ళ ముందు నిలబడబోతోంది. నెర్రెను గడ్డపారతో అక్కడక్కడా వెడల్పు చేసి, బండలు దింపి, మట్టిపెళ్ళలు కుక్కాం. పొద్దు వాలేసరికి పెరడు గదిలా అయింది.

మర్నాడు ఎనిమిది గంటల మిల్లు సైరను మోగాక ఆమె జాలాడికి పోయింది. నేను ముందరి తిన్నె మీద కూర్చున్నాను. దోవన జనం పోతూనే ఉన్నారు, ఎవరో ఎద్దు ధర గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. ఇటు చెంబు చప్పుడు. ఒక చెంబు పోసుకుని, చాలాసేపటికి ఇంకో చెంబు. అన్నేళ్ళూ నేను విన్నది ఒకదాని వెంట ఒకటి తరుముకొచ్చే చెంబుల చప్పుడే. తరవాత ఆమె బండకు ఆనుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకుంది. ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో ఆయాసం మాటే లేదు.

వానలు వచ్చాయి. మొదటి వాన నేలకు దాహం తీర్చింది, అంతే. తరవాతి వానలకు నెర్రె మూసుకుంది. మూసుకుని, ఊరుకోకుండా, బండలను చిగుళ్ళలోంచి కదిలే పళ్ళలా పైకి తోసింది. ఒకటి ఇటు వంగింది, ఒకటి అటు. నేను కర్రలు ఆనించాను, గులకరాళ్ళు కుక్కాను. నేను మండీలో ఉన్న ఒక పొద్దున ఒక బండ లోపలి వైపు పడి, రాగి అండాను సొట్ట చేసింది. నా భార్య వెంట్రుకవాసిలో తప్పించుకుందని మండీలో చెబితే అందరూ పని ఆపి విన్నారు. నిజానికి బండ పడేసరికి ఆమె స్నానం చేసి, వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తోంది. అండా సొట్ట మాత్రం నిజం.

ఆ రోజు నుంచి ఆమె బండల నీడకు పోలేదు. ఇంటి గోడ పక్కన పోసుకునేది, వంగిన బండల సందుల్లోంచి దోవకు అక్కడంతా కనబడేది. మళ్ళీ చీకటి, మళ్ళీ పరుగు చెంబులు. ఆ చలికాలం వచ్చినంత ఆయాసం ఎప్పుడూ రాలేదు. బామ్మర్ది చూడటానికి వచ్చాడు. నేను వాడి మీద విరుచుకుపడ్డానని చెప్పుకుంటాను గానీ, అన్నది ఇంతే.

"ఏందప్పా, నీ నెర్రె నోరు మూసుకునింది."

"తెరిచినప్పుడు నువ్వూ చూసినావ్ గదా బావా."

ఆమె గోడకు ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని అంది. "నన్నూ కలుపుకోండి. ఈ పొద్దే కావాలన్నది నేనే. మాటలు చాలుగానీ, తవ్వేదెప్పుడు?"

వెంటనే తవ్వానని రాస్తే బాగుంటుంది. తవ్వలేదు. మరుసటి ఎండాకాలం వంగిన బండలను సరిచేశాం, వానలకు మళ్ళీ వంగాయి. ఆపై ఏడాదీ అదే. మండీ నుంచి వచ్చేసరికి నడుము పట్టేసేది. ఆదివారం వస్తే పడుకోవాలనిపించేది. బండలు నావైపు చూస్తూ వంగి ఉండేవి. నేను అటు చూడకుండా కాళ్ళు కడుక్కునేవాణ్ణి. ఆమె దెప్పలేదు. చీకటిలో లేచేటప్పుడు మంచం చప్పుడు కాకుండా లేచేది. ఆ చప్పుడు కాకపోవడమే నన్ను ఎక్కువ తినేసింది.

ఎనభైలు వచ్చాక గానీ నేను పార పట్టలేదు. బండలన్నీ పీకి పక్కన పేర్చి, ఆదివారాలూ పండగలూ కూర్చి ఒక్కణ్ణే తవ్వాను. నడుము లోతు తవ్వానని చెబుతూ ఉంటాను. మోకాలి లోతుకు ఆపి, చాలు అన్నాను. ఆమె వచ్చి గుంటలోకి దిగి, కాలివేలితో అడుగును గీకింది.

"ఇంకా నల్లగానే ఉండాది."

"ఈ లోతు కోటగోడకైనా చాలు."

"కోట నాకెందుకు? సుద్ద తగిలేదాకా తవ్వు."

రేగడి కింద తెల్లగా సుద్దమట్టి ఉంటుంది, అది ఉబ్బదు. దాని దాకా పోవడానికి ఇంకో మూర పట్టింది. చేతులు పగిలాయి. అన్నం ముద్ద చేయడానికి వేళ్ళు మడవలేక చెంచాతో తిన్నాను. తవ్విన నల్లమట్టి అంతా గంపలతో బయట పోసి, బండి మీద వానకు ఉబ్బని గరుసు తెప్పించి, గుంట నింపాను. బామ్మర్ది మళ్ళీ కూలీలతో వచ్చాడు. ఈసారి పెళ్ళి ఏమీ లేదని ముందే చెప్పి, రెండు రోజులు ఉన్నాడు. బండలు లేచాయి, గరుసు దిమ్మిస కొట్టాం, సున్నం మెత్తాం.

ఆమె జాలాడికి పోలేదు. "వాన చూసినాక," అంది.

ఆ వానాకాలం నాకు నిద్ర లేదు. వాన పడ్డ ప్రతి పొద్దునా ఆమె చీకటి స్నానం ముగించుకుని, వెలుతురు వచ్చాక పెరటి కొస నుంచి కొస దాకా నడిచేది. అరచేత్తో ఒక్కో బండను నెట్టి చూసేది. నేను తలుపు సందులోంచి ఆమె చేతిని చూసేవాణ్ణి. బండ కదిలితే నేను ఇంకోసారి తవ్వగలనా అని ఆలోచించేవాణ్ణి. తవ్వలేను. అది మాత్రం పెంచి చెప్పడం కాదు. జోరు వానలు పోయాయి, చుట్టూ నేల ఉబ్బి మెట్టలయింది, బండలు అలాగే నిలబడ్డాయి. ఆమె అయినా చీకటితోనే లేస్తూ ఉంది.

కార్తీకంలో ఒక పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి కిటికీ తెల్లగా ఉంది. ఆమె పక్కనే ఉంది. ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టాను.

"నిద్ర పోతాండా," అంది కళ్ళు తెరవకుండా. "చెయ్యి తీ."

ఎండ బాగా ఎక్కాక లేచింది. సీకాయ నానబెట్టుకుంది. సొట్ట అండాకు చిల్లు పడి చాలా కాలమైంది, అందుకని నీళ్ళు వంటింటి పొయ్యి మీద కాచి మోయవలసింది నేనే. రెండు బిందెలు మోసి, మండీకి పోవడానికి చొక్కా వేసుకుంటూ ఉంటే బండల వెనక నుంచి పిలిచింది. ఇంకో బిందె కావాలట. షావుకారు నా కోసం చూస్తుంటాడని గట్టిగా చెప్పాను. దోవన పోయేవాళ్ళు కూడా విని ఉంటారు. చొక్కా విప్పి, మళ్ళీ పొయ్యి ఊది, కాగిన నీళ్ళు మోసుకుపోయి బండ ఇవతల నిలబడ్డాను. చేతులు లాగేస్తున్నాయి. తీసుకుంటావా లేదా అని అడిగాను.

"ఆడ పెట్టు. తొందరేం లేదు," అంది.