బావగారి మిక్సోలిడియన్

మా బావ దర్జీ, గిటార్ పిచ్చోడు. చొక్కా కొలతలివ్వడానికి వెళ్ళినవాడి మెడకు టేపు చుట్టి, "మిక్సోలిడియన్ అంటే ఏమిటో తెలుసాండీ?" అని మొదలుపెట్టేవాడు. మెడ ఆయన చేతిలో ఉంటే పారిపోవడమెలా?

"మేజర్ స్కేల్లో ఏడో స్వరాన్ని అర మెట్టు తగ్గించండి. అంతే! ఇక డామినెంట్ సెవెంత్ కార్డు మీద ఎంతసేపైనా వాయించుకోవచ్చు."

ఆ 'ఎంతసేపైనా' అన్న మాటే మా కొంప ముంచినంత పని చేసింది.

అక్క గొంతు బంగారం. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకోకండి, విన్నవాళ్ళందరూ అనే మాటే. పెళ్ళయ్యాక ఆ గొంతు వంటింటికే పరిమితమైపోయింది. పిల్లలు కాస్త పెద్దయ్యాక ఒక హోటల్లో సాయంత్రాలు పాడే అవకాశం వచ్చింది. యజమాని ముందు ఒక్క పాట పాడాలి, నచ్చితే ఉద్యోగం. అక్క చల్లనీళ్ళు ముట్టడం మానేసింది. డ్రమ్స్ నేను, బేస్ గిటార్ నా స్నేహితుడు. గిటార్ బావ. ఆయన్ని వద్దనే ధైర్యం ఎవరికుంది?

రెండో చరణానికి ముందు మేము జి సెవెంత్ అనే డామినెంట్ కార్డు పట్టుకుని ఉంటాం, బావ దాని మీద కాసేపు సొంతంగా వాయిస్తాడు. నాలుగు స్వరాలు కలిసి మోగే ఆ కార్డు ఎప్పుడూ మాట సగంలో ఆపినట్టే ఉంటుంది. బావ తల ఊపగానే మేము ఆ మాట పూర్తిచేసే సి కార్డుకి వెళ్ళాలి, అక్క చరణం అందుకోవాలి. అదీ ఒప్పందం.

ఆ రోజు హోటల్లో టిఫిన్ తింటూ కూర్చున్న యజమాని మొదటి చరణానికే తినడం ఆపేసి విన్నాడు. తర్వాత బావ వంతు. బాగానే మొదలుపెట్టాడు, అబద్ధమెందుకు? ఆ తగ్గించిన ఏడో స్వరం, ఎఫ్ మీద వేలు పడగానే కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్నవాడు తెరవడే! తల ఊపడే! యజమాని ఫోను తీశాడు. అక్క ఊపిరి పట్టుకుని బావ తలకేసే చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావా, చాల్లే!"

"ఆగరా బాబూ, ఇంకా బోలెడుంది."

యజమాని కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

ఇక అక్క ఎవరి తలా చూడలేదు. చరణం ఎత్తుకుంది. నేను డ్రమ్స్ పక్కనున్న సింబల్ పళ్ళెం మీద ఒక్కటిచ్చాను, బేస్ సి పట్టుకుంది. బావ ఒక్కడే ఇంకా జి సెవెంత్ మీద ఊరేగుతున్నాడు. యజమాని మళ్ళీ కూర్చున్నాడు.

పాట అయ్యాక దగ్గరకొచ్చి, "రేపట్నుంచి రండమ్మా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ గిటారాయన కూడా వస్తారా?" అని భయంగా అడిగాడు.

బావ కాలర్ సర్దుకున్నాడు.

"మా ఆయనేనండీ," అంది అక్క చాలా ప్రేమగా. "రోజూ నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వస్తారు. గిటార్ తేరు."