దిబ్బల మీది బాతులు, పిన్నమ్మ విన్న సైరన్

మీకు వినపడనిది ఇంకొకరికి వినపడితే, ఆ మనిషికి దెయ్యం పట్టిందని ఏ ఆధారంతో తేలుస్తారు?

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో వేదికలెక్కి బాబాలతో, సోదె చెప్పేవాళ్ళతో వాదించిన మనిషిని. ఇది కూడా నమ్మమని రాయడం లేదు. చూసింది చూసినట్టు చెబుతున్నాను.

మా చిన్నాయన బంగారు గనిలో పని చేసినాడు. అప్పటికే గనులు సర్కారు చేతికి వచ్చినాయి. ఊరిగాం గని క్వార్టర్సులో మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు సైరన్ కూయగానే పిన్నమ్మ ఎసరు పెట్టేది. మనిషి పైకి వచ్చి ఇల్లు చేరేసరికి అన్నం ఉడికి ఉండాలి. ఒకరోజు సైరన్ కూసింది, ఎసరు మరిగింది, చిన్నాయన రాలేదు. లోపల బండ కూలింది.

గనులు మూతపడి, సైరన్ కూడా ఆగిపోయినాక పిన్నమ్మ, కొడుకు మునిరాజుతో పక్క పల్లెకు చేరింది. చెరువుగట్టు పక్కనే ఇల్లు. చెరువు నడుమ మూడు మట్టి దిబ్బలు. కార్తీకం చివర్లో తలమీద నల్లచారలున్న వలసబాతులు వాటి మీద దిగుతాయి. రాత్రంతా చేలల్లో మేసి, పగలు అక్కడే నిద్రపోతాయి.

అవి దిగిన రోజు నుంచి పిన్నమ్మ మధ్యాహ్నం పూట "సైరన్ కూసింది" అని లేచి ఎసరు పెడుతుంది. బాతులు వెళ్ళిపోతే ఆ మాటే ఉండదు. ఎదురుగా నిలబడి అరిచినా సరిగ్గా వినపడని చెవులు ఆమెవి.

మునిరాజు నాకు ఫోన్ చేసినాడు. "ఇంగ నావల్ల కాదన్నా. నాయనే వచ్చి పిలస్తా ఉండాడని ఊరంతా అంటా ఉండారు. నా పెండ్లాము పిల్లోళ్ళను తీసుకొని పుట్టింటికి పాయ. అమాసకు అమ్మను భూతవైద్యుడి దగ్గరికి పిల్చుకొని పోతా."

అక్కడ వేపమండలతో ఒళ్ళు వాచేటట్టు కొడతారు. ఆ వయసుకు ఆమె తట్టుకోలేదు. వెంటనే బయలుదేరినాను.

అది భ్రమ అని తేల్చేస్తే చాలనుకున్నాను. ఆమెను చెరువుకు వీపు తిప్పి కూర్చోబెట్టినాను. రాగుల్లో రాళ్ళు ఏరుతోంది. మబ్బు పట్టిన పగలు, ఎండ చూసి వేళ చెప్పే వీలు లేదు. నేనూ మునిరాజూ దిబ్బల వైపే చూస్తున్నాం. బాతులు రెక్కల్లో ముక్కులు దూర్చి నిద్రలో ఉన్నాయి.

పిన్నమ్మ చేయి ఆగింది. "కూసింది," అనింది.

ఆ మాట పూర్తయ్యేలోపే మూడు దిబ్బల మీది బాతులూ ఒక్కసారిగా లేచినాయి. చెరువు మీద ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే దిగినాయి. డేగ లేదు, బండి లేదు, క్వారీలో పేలుడు లేదు. నా గడియారంలో రెండయింది.

"ఊరికంతా బుద్ధులు చెప్తావు, చెవుల్లో దూది పెట్టుకున్యావా అప్పా?" అని నన్ను ఎగతాళి చేసి పొయ్యి దగ్గరికి పోయింది.

మరుసటి రోజూ అంతే. మునిరాజు నా వైపు తిరిగినాడు. "బాతులకూ పట్టిందా అన్నా దెయ్యం?"

"అయితే వాటినీ పిల్చుకొని పో," అన్నాను.

వాడు నవ్వలేదు. అమాసకు అమ్మను ఎక్కడికీ పిల్చుకొని పోనూ లేదు.

పిన్నమ్మది ఒంటికి పట్టిన అలవాటని చెప్పగలను. అప్పట్లో సైరన్‌కు బెదిరి లేచిన ముసలి బాతులు ఆ వేళను పిల్లలకు నేర్పినాయనీ అనగలను. కానీ చెరువెండి బాతులు అసలు రాని ఏళ్ళు నడుమ చాలా ఉన్నాయి. పైగా వీపు తిప్పి కూర్చున్న చెవిటి ముసలామె, నీళ్ళ నడుమ నిద్రపోతున్న పక్షులు ఒకే క్షణాన ఎట్లా కదిలినట్టు? నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదంటే దెయ్యం ఉందని ఒప్పుకున్నట్టు కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా వినపడుతోందా? ముందు ఆ వేపమండ కింద పడేయండి. వాళ్ళ పక్కన కూర్చొని మీరూ చెవి పెట్టండి.